ఆగలేదు

“ఆగావా, ఆగలేదా?”

“ఆగానండి.”

“ఆగలేదు,” అన్నాడు లాయరు, పెన్ను మూత పెడుతూ.

రొట్టెల వ్యాను డ్రైవరు పక్క కుర్చీలో ఉన్న భార్య వైపు చూశాడు. ఆమె ఊరుకోలేదు.

“ఆగిన మనిషిని ఆగలేదనమంటారేంటండీ?”

“చూడమ్మా, వీధి చివర కెమెరాలో వ్యాను నంబరు పడింది. వ్యాను మూల సొట్ట పడింది. తగల్లేదనడానికి వీల్లేదు. ఇక మీ ఆయన ఆగాడంటే, మనిషికి తగిలిందని తెలిసినట్టే. తెలిసీ పోలీసులకి చెప్పకుండా వెళ్ళిపోతే రెండేళ్ళ జైలు, లైసెన్సు గల్లంతు. అసలు తగిలిన సంగతే తెలియదనుకో, హాయిగా ఇంటికెళ్ళొచ్చు.”

డ్రైవర్లందరూ ఆయన్ని విడుదల లాయరు అంటారు. ఇలాంటి కేసుల్లో ఇప్పటికి పదకొండుమందిని ఇంటికి పంపించాడు మరి. అంతటి మనిషికి ఎదురు చెప్పాలంటే డ్రైవరుకి జంకే. అయినా జరిగింది జరిగినట్టు ఇంకోసారి చెప్పుకున్నాడు. తెల్లవారుజామున మలుపులో వాచీలు బాగుచేసే పెద్దాయన ఎదురొచ్చాడు. వ్యాను మూల తగిలి పడ్డాడు. డ్రైవరు వ్యాను ఆపి దిగాడు, ఆయన్ని ఎత్తి మూసి ఉన్న కొట్టు మెట్ల మీద కూర్చోబెట్టాడు, తన స్వెట్టర్ విప్పి తల వెనక పెట్టాడు. పెద్దాయన ఫోన్‌లోనే అంబులెన్సు నంబరు నొక్కి చెవి దగ్గర పెడితే ఆయనే మాట్లాడాడు. ఆ తర్వాత, “నాకేం కాలేదు, నువ్వెళ్ళు బాబూ, నీ రొట్టెలు ఆలస్యమవుతాయి” అన్నాడు.

“ఆయనలా అన్నారని వచ్చేశాను సార్. అంబులెన్సు వచ్చేదాకా ఉండాల్సింది. అదే నన్ను తినేస్తోంది.”

“వెళ్ళమన్నాడని ఎవరు చెప్తారు? ఆయనా?” లాయరు ఫైల్లోంచి ఒక కాగితం లాగాడు. “ఆస్పత్రివాళ్ళు రాసిచ్చారు. తలకి దెబ్బ, ఆ రోజు సంగతి ఒక్క ముక్క గుర్తులేదు. ఇంకెవరైనా చూశారా?”

“లేదండి.”

“ఫోను ఆయనది కాబట్టి ఆయనే చేసుకున్నాడు. స్వెట్టర్ మీద పేరుందా?”

“పేరెందుకుంటుందండీ, నేనల్లిందే,” అంది భార్య. “ఎడమ చెయ్యి బెత్తెడు పొడుగొచ్చింది. మడిచి మరీ వేసుకునేవారు.”

“పేరు లేదుగా. అయితే స్వెట్టరూ లేదు.”

“పోనీ, ఒక్కసారి ఆ పెద్దాయన్ని చూసొస్తామండీ. ఎలా ఉన్నారో ఏమో.”

“పొరపాటున కూడా వద్దు. వెళ్తే ఒప్పుకున్నట్టే.”

ఆ మాటకొస్తే లాయరు కూడా ఎప్పుడూ వెళ్ళడు. దెబ్బ తిన్నవాళ్ళ మొహం చూస్తే వాదించే నోరు పడిపోతుందని ఆయన భయం. కాగితాలు చూస్తాడు, అంతే.

వారం రోజులు పాఠం నడిచింది.

“వెనక ఎనభై రేకు ట్రేలు గలగలలాడుతుంటే నీకేం వినిపిస్తుంది? గుంత అనుకున్నావు. అను.”

“గుంత అనుకున్నానండి.”

“నేల చూపులు చూడకుండా అను.”

ఇంట్లో అద్దం ముందు నిలబడి అదే మాట వల్లిస్తుంటే భార్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

కోర్టులో ప్రమాణం చేయించారు.

“వ్యాను ఆపావా?” అడిగాడు అవతలి లాయరు.

“లేదండి.”

“కిందికి దిగావా?”

“దిగలేదండి.”

“మనిషికి తగిలిందని నీకు తెలియదా?”

డ్రైవరు భార్య వైపు చూశాడు. ఆమె తల వంచుకుని ఉంది.

“తెలియదండి. గుంత అనుకున్నాను.”

జడ్జిగారు రాసుకున్నారు. విడుదల లాయరు వెనక్కి వాలి కూర్చున్నాడు. డ్రైవరు బోను దిగి తన చోటికి వచ్చాడు. లాయరు అతని భుజం తట్టి, “గండం గడిచింది పో,” అన్నాడు మెల్లగా. గండం గడిచినట్టు డ్రైవరుకి అనిపించలేదు.

అప్పుడే గుమాస్తా వచ్చి జడ్జిగారి చెవిలో ఏదో చెప్పాడు.

“దెబ్బ తగిలినాయన వచ్చారట. మాట్లాడాలంటున్నారు,” అన్నారు జడ్జిగారు.

విడుదల లాయరు చివాల్న లేచాడు. “ఆయనకేమీ గుర్తులేదండి, ఆస్పత్రి కాగితం ఉంది!”

“ఆ కాగితం నాలుగు నెలల నాటిది. రానివ్వండి.”

కర్ర ఊతంతో పెద్దాయన వచ్చాడు. చంకలో ఒక సంచి. బోనెక్కి, ఆయాసం తీర్చుకుని, ప్రమాణం చేసి, ఒక్కొక్క మొహమే వెతుక్కుంటూ చూశాడు. డ్రైవరు దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళు మెరిశాయి.

“ఇతనేనండి,” అన్నాడు పెద్దాయన. “ఈమధ్యే నాకు ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. ఈ బాబు మీద కేసు పెట్టారని నిన్ననే తెలిసి పరిగెత్తుకొచ్చాను. వదిలెయ్యండయ్యా, ఇతనిది పారిపోయే బుద్ధి కాదు.”

ఆయన సంచి విప్పి, మడత పెట్టిన స్వెట్టర్ ఒకటి బయటికి తీశాడు. ఎడమ చెయ్యి బెత్తెడు కిందికి జారింది.

“ఆగి, దిగి, నన్నెత్తి కూర్చోబెట్టి, తల వెనక ఇది పెట్టిందీ ఇతనే, వెళ్ళమన్నది నేను. ఇదిగో బాబూ, చేత్తో అల్లింది కదా, ఇంట్లోవాళ్ళు బెంగపడతారని ఉతికించి తెచ్చాను.”