కోడలి వేవిళ్లు

కోడలు మళ్లీ ఆకు నములుతోంది.

గుడారం ముందు ఉప్పు చాయ్ కాస్తున్న జైతూన్ బీ చేతిలో గరిటె ఆగిపోయింది. కొండవాలులో, మేకల మధ్య, శమీమా ఒక పొద దగ్గర రెండాకులు కొరికింది. ఉమ్మేసింది. పక్క పొదకి జరిగి ఇంకో చిగురు నోట్లో పెట్టుకుంది. అదీ రెండు కొరుకులే. ఎర్రపూల చెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముఖమంతా వికారంగా పెట్టి, గట్టిగా డోకుతూ వెనక్కి వచ్చేసింది.

జైతూన్ బీ మొహం వెలిగిపోయింది.

"చూశావా సైదా! దేనిమీదా నోరు నిలవడం లేదు."

పక్క గుడారం సైదా పకపకా నవ్వింది. "పెళ్లయిన నాలుగేళ్లకి! ఇంక ఉయ్యాల తాళ్లు పేనుకో వదినా."

"పాలు కూడా అడిగి తీసుకుంటోంది. గిన్నెడు! నేను చూస్తే సిగ్గేమో, గుడారం వెనక్కి పట్టుకుపోతుంది."

"మరి నీ కొడుకేమంటాడు?"

"వాడా? మేక చూడి కడితే కనిపెడతాడు గానీ పెళ్లాం సంగతి వాడికేం తెలుసే!"

మర్నాడు మంద పీర్ పంజాల్ కనుమ ఎక్కాలి. పైన మంచు ఇంకా కరగలేదు. కాలు జారితే అంతే. ఇన్నాళ్లు ఎదురుచూసిన మనవణ్ణి జైతూన్ బీ ఆ మంచు మీద నడవనిస్తుందా? ముసలివాళ్లతో పాటు కోడల్నీ లారీ ఎక్కించి రోడ్డు దారిన పంపేయాలని తేల్చేసింది.

శమీమాకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను లారీ ఎక్కను అత్తా. మందతోనే నడుస్తాను."

"నాలుగు రోజులు మొగుణ్ణి వదిలి ఉండలేవా తల్లీ?" సైదా ఆమె బుగ్గ గిల్లింది.

"అది కాదు పిన్నీ..." అని తల వంచుకుంది శమీమా.

తెల్లారింది. లారీ వచ్చి హారన్ కొట్టింది. శమీమా లేదు. జైతూన్ బీ ఆయాసపడుతూ కొండవాలు ఎక్కింది. కోడలు పొద పక్కన గొంతుక్కూర్చుని ఆకు కొరుకుతోంది.

"ఒట్టి మనిషివి కూడా కాదు, ఇక్కడేం చేస్తున్నావే? నా దగ్గర దాపరికం ఎందుకు? నేను నీకు అమ్మలాంటిదాన్ని కానూ?"

శమీమా బిత్తరపోయింది. కాసేపటికి గానీ అత్త మాట బుర్రకెక్కలేదు. ఎక్కాక చెవుల దాకా ఎర్రబడి, పొద చాటున ఉన్న మేకపిల్లని ఒళ్లోకి లాక్కుంది.

"అయ్యో, నాకేం లేదత్తా... తల్లి చచ్చిపోయిన ఈ మేకపిల్లకి ఏ ఆకు ఎంత కొరకాలో, ఏది విషమో నేను తిని చూపించకపోతే ఇంకెవరు నేర్పుతారు?"