వీధి మలుపులో కెమెరా

"పోలీసు స్టేషన్ అద్దాలు పగలగొట్టిన పిల్ల ఇదేనమ్మా. పేరు చెప్పండి," అంటూ డిటెక్టివ్ లోరెట్టాకి ఫొటో చూపించాడు.

చర్చిలో పాటలు పాడే నియా! "నా కొడుకు పేరు చెప్పి రాళ్ళు పట్టుకున్నావో, చంపేస్తాను," అని లోరెట్టా మొన్ననే దాన్ని చీవాట్లు పెట్టింది.

పేరు చెప్పబోయి ఆగింది. "ఎంత బాగా పడిందో! ఏ కెమెరా?"

"వీధి మలుపులోది."

"మీ పోలీసులు మా అబ్బాయి టెరెల్‌ని కాల్చి చంపిన రోజు పనిచెయ్యలేదన్నారే, అదేనా?"

"గొడవలు మొదలయ్యాక బాగుచేయించాం."

"ఏడాదిగా కొవ్వొత్తులు పట్టుకుని నేనడిగితే పలికిన నాథుడు లేడు. రాళ్ళు పడేసరికి బాగయిపోయిందీ!"

"పిల్ల పేరమ్మా?"

లోరెట్టా కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఏం చెప్పను నాయనా! నా కళ్ళూ ఆరోజు నుంచే పనిచెయ్యటం లేదు."