మూడేళ్ళు ముదిరిన గాలి

“గాలి ఆగిపోయిందమ్మా,” అన్నాడు మామగారు.

కోడలు పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి కిటికీ వైపు చూసింది. పరదా ఊగుతూనే ఉంది.

“అది కాదు. పైది. మబ్బులు కూడా చేరలేని ఎత్తులో, స్ట్రాటోస్ఫియర్‌లో తిరిగేది.”

చెబుతూనే ఫైలు తెరిచాడు. బల్ల ఓ కాలు పొట్టిది. ఆయన మోచెయ్యి ఆన్చినప్పుడల్లా కుంటుతుంది. ఆ ఫైళ్ళు ఉత్తరపు కొసన ఓ మంచుదీవిలోని కేంద్రానివి. ఉపగ్రహం తల మీదుగా పోతూ వదిలే అంకెల్ని పట్టుకుని ఊళ్ళోని ఆఫీసుకి పంపడం కొడుకు ఉద్యోగం. కోడలిది ఆ ఆఫీసులోనే పని. ఏ పూటది ఆ పూట మామగారికి తెచ్చిస్తుంది. దీవిలో ఫోన్లు పలకవు. అందుకని పరికరం బాగోగులు రాయాల్సిన మొదటి వరసలో ఇంటికి ఓ ముక్క రాయడం కొడుక్కి అలవాటు.

“‘జలుబు చేసింది. ముక్కు ఉందో ఊడిందో తెలియడం లేదు,’” అని చదివి ముసలాయన నవ్వాడు. “చిన్నప్పుడు కోపమంతా ఆ ముక్కు మీదే ఉండేది వెధవకి. ఆవిరి పట్టమని రాయి.”

“రాస్తాను మామయ్యా.”

రిటైరైనా ఆఫీసులో ఆయన్ని ఇప్పటికీ గాలి మాస్టారనే అంటారు. పశువు పళ్ళు చూసి వయసు చెప్పే బేరగాడిలా ఆయన గాలికి వయసు చెబుతాడు. ఫ్యాక్టరీలు వదిలే ఒక వాయువు నేల మీద ఏటా కాస్త పెరుగుతుంది. పైగాలిలో అదెంత ఉందో ఉపగ్రహం చెబితే, ఆ గాలి నేలని విడిచి ఎన్నేళ్ళయిందో లెక్క తేలుతుంది. భూమి నడుము దగ్గర పైకి లేచిన గాలి ఐదేళ్ళకి ధ్రువం మీద దిగుతుందట. పోయిన భార్య తనని తిట్టిన తిట్లన్నీ అలాగే వెళ్ళి అక్కడ దిగాయని, ధ్రువాల మంచు అందుకే కరుగుతోందని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు.

ఇవాళ ఆ వేళాకోళం లేదు. గీతల కాగితం ముందుకి జరిపాడు.

“ధ్రువం మీద గాలికి ఐదేళ్ళుండేవి. మరుసటేడు చూస్తే ఆరు. తర్వాత ఏడు. ఇప్పుడు ఎనిమిది. అంటే మూడేళ్ళుగా కొత్తగాలి ఒక్క గుక్క కూడా చేరలేదు. అప్పుడు వెళ్ళినదే వెనక్కి రాకుండా అక్కడే నిలబడి ముసలిదైపోతోంది.”

కోడలు చూపు తిప్పేసుకుంది. గుమ్మం పక్కన భర్త బూట్లున్నాయి. ఆదివారం ఆదివారం వాటికి మామగారే పాలిష్ పెడతాడు. ఇవాళ వాటి మొనలు ఇంట్లోకి తిరిగి ఉన్నాయి, ఎవరో ఇప్పుడే వచ్చి విప్పినట్టు.

పరికరం చెడిందేమో అంది. చెడిన పరికరం అంకెలు తాగినవాడిలా తూలతాయని, ఇవి ఏడాదికి ఏడాది చొప్పున గడియారంలా నడుస్తున్నాయని ఆయన కొట్టిపారేశాడు.

“రేపు మధ్యాహ్నం ఆఫీసువాళ్ళ సభలో చదివేస్తాను. ఈలోపు నీకేమైనా తోస్తే చెప్పు.”

ఆమె ఆఫీసుకైతే వెళ్ళింది గానీ పని మీద చూపు నిలవలేదు. పైగాలి ఎప్పటిలాగే తిరుగుతోందని మిగతా ఉపగ్రహాలన్నీ చెబుతున్నాయి. రేపు ఈయన లేచి నిలబడితే నిన్నగాక మొన్న చేరిన కుర్రాళ్ళు కూడా నవ్వుతారు. నలభై ఏళ్ళ పేరు నీళ్ళపాలు. పోనీ నిజం చెబుదామంటే, ఆయన గుండెకి కుట్లు వేసిన డాక్టరు ఏ కబురైనా ఆచితూచి చెప్పమన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేసింది. ఆయన కాగితాలు సర్దుకుంటున్నాడు. మాత్రల సీసా చేతిలో పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

“గాలి ఆగలేదు మామయ్యా. ఫైళ్ళు ఆగాయి.”

ఆయన కళ్ళజోడు తీశాడు.

మూడేళ్ళుగా ఆయన చూస్తున్నవన్నీ ఒకే ఏడాది ఫైళ్ళని చెప్పింది. తారీకు మార్చి తెస్తోంది. ఏడాది పూర్తయితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతోంది. తారీకులైతే మార్చింది గానీ లోపలి వాయువు అంకెల్ని కూడా ఏటా కాస్త పెంచాలని ఆమెకు తట్టలేదు.

“మరి కొత్తవి?” అన్నాడు మెల్లగా.

“కొత్తవి వేరేవాళ్ళు పంపుతున్నారు. వాటి మొదటి వరసలో ‘పరికరం బాగుంది’ అని తప్ప ఏమీ ఉండదు.” ఆమె మాత్రల సీసా మూత తీసింది. “మీరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు దీవిలో ఆయన కాళ్ళ కింద మంచు పగిలింది మామయ్యా. ఆయన లేరు.”

పది రోజులాగి చెబుదామనుకుంది. ఆ పది రోజులు మూడేళ్ళయ్యాయి.

గబుక్కున ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి నింపాదిగా కొట్టుకుంటోంది. ఆ చేతి మీద ఆయన తన రెండో చెయ్యి వేశాడు. ఆమె ఏడుపు ఆగేదాకా తియ్యలేదు.

తర్వాత సభకని రాసిన కాగితాల్ని నాలుగు మడతలు పెట్టి, వంగి, కుంటుతున్న బల్ల కాలి కింద దోపాడు. మోచెయ్యి ఆన్చి చూశాడు. బల్ల కదల్లేదు.

“రేపు... రేపటి ఫైలు తేవద్దా మామయ్యా?”

“ఎందుకు తేవద్దు? ఎప్పటిలాగే తే,” అన్నాడు ముసలాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. “వాడి జలుబు రేపటికి తగ్గిపోతుందమ్మా, ఏటా తగ్గేదే కదా.”