ఆకుపచ్చ బియ్యం

"బియ్యం తొక్కుతున్నారు. నేను చూస్తూ ఊరుకోలేను," అంది చాముండేశ్వరి.

ప్రీస్కూలు డైరెక్టర్ హెలెన్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. అద్దం అవతల గదిలో పదహారుమంది పిల్లలు పెద్ద ప్లాస్టిక్ తొట్టి చుట్టూ మూగి, చేతులు మోచేతుల దాకా ఆకుపచ్చ బియ్యంలో ముంచి ఆడుతున్నారు. ఈ వారం థీమ్ అడవి. రంగు కలిపిన బియ్యం గడ్డి అయింది, దాన్ని బొమ్మ కంగారూలు మేస్తున్నాయి. పోయిన వారం సముద్రం, బియ్యం నీలం. అంతకుముందు ఎడారి, బియ్యం ఎరుపు. శుక్రవారం తొట్టి ఖాళీ చేయడం, సోమవారం కొత్త బియ్యానికి కొత్త రంగు కలపడం.

"దీనివల్ల వేళ్లకు బలం వస్తుంది. కొలవడం, ఒంపడం వస్తాయి. ఇది పిల్లల చదువు," అంది హెలెన్.

"ఇసుకతో కూడా వస్తాయి."

"నీ ఉద్యోగం ఇంకా ట్రయల్‌లోనే ఉంది. గుర్తుందా?"

గుర్తు లేకపోవడమేమిటి? ఆ ఏడాది, అంటే రెండువేల ఒకటిలో, ఈ పరాయి దేశంలో మనవాళ్లు చేరిన టూంగాబీ పేటలో మనవాళ్ల తలుపు ఏది తట్టినా పట్టపగలు మగవాడే వచ్చి తీస్తున్నాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయని పరుగున పిలిపించుకున్నవాళ్లే, అవి ఆగకపోయేసరికి వీళ్లని ఆపేశారు. చాముండేశ్వరి మొగుడు రాధాకృష్ణ కూడా తలుపులు తీసేవాళ్లలో చేరి ఏడు నెలలైంది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈమె ఉద్యోగం మీదే. అయినా బూట్ల కింద గింజలు నలిగిన చప్పుడు ఇంటికి వెళ్లినా ఆమె చెవుల్లోంచి పోవడం లేదు.

"బియ్యం కొని ఇచ్చేది పేరెంట్స్ కమిటీ," అంది హెలెన్. "ఈ గది పిల్లల ఇళ్లన్నిటి నుంచీ సంతకాలు తీసుకురా, ఇసుక తెప్పిస్తాను. శుక్రవారంలోపు ఒక్కటి తగ్గినా ఇంకో ఉద్యోగం వెతుక్కో."

పదిహేను సంతకాలు సులువుగానే వచ్చాయి. సగంమంది కాగితం చదవను కూడా లేదు. శుక్రవారం మధ్యాహ్నానికి మిగిలింది ఒక్కడే, షిఫా తండ్రి రుమాన్.

రుమాన్ కడపవాడు. ఇస్త్రీ చొక్కా, టై, మెడలో ఆఫీసు ట్యాగు. ఉద్యోగం ఇంకా నిలిచిన అదృష్టవంతుడని చాముండేశ్వరికి లోపల కాస్త కుళ్లు. శుక్రవారం నమాజు కాగానే ఇటే వస్తాడు. గది శుభ్రం చేసే పేరెంట్స్ పట్టికలో ప్రతి శుక్రవారం తన పేరే రాసుకుంటాడు. తొట్టిలో బియ్యమంతా నల్ల చెత్తసంచిలోకి ఒంపి, మూతి కట్టి, భుజాన వేసుకుని బయటి చెత్త బిన్నుల వైపు వెళతాడు. తెలుగువాడై ఉండి చెయ్యి వణక్కుండా బియ్యం పారబోస్తాడే అని ఆమెకు ఒళ్లు మండేది.

ఇవాళ అతను సంచి మూతి కడుతుండగా ఆమె కాగితం ముందు పెట్టింది. అతను దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఉండనీలే అక్కా. పిలకాయలు ఆడుకుంటాండారు."

"ఇసుకతో ఆడుకోరా?"

"ఇసుక కండ్లలో పడతాది. బియ్యమైతే శుభ్రంగా ఉంటాది."

"బూట్లతో తొక్కింది శుభ్రమా?"

"కడిగితే పోతాది కదక్కా," అన్నాడు మెల్లగా.

"పాపం కడిగితే పోతుందా?" చాముండేశ్వరి గొంతు లేచింది. "మీ అమ్మగారు ఎప్పుడైనా మిమ్మల్ని బియ్యం తొక్కనిచ్చారా? కింద గింజ పడితే మీ షిఫా ఒక్కతే ఏరి మళ్లీ తొట్టిలో వేస్తుంది. నాలుగేళ్ల పిల్లకున్న పాటి బుద్ధి మీకు లేకపోయింది. అన్నం లేకపోతే ఎలా ఉంటుందో మెడలో ట్యాగు ఉన్నవాళ్లకి ఏం తెలుస్తుందిలెండి."

అతని చెయ్యి ట్యాగు మీదికి వెళ్లింది. దాన్ని తీసి జేబులోకి తోశాడు. తర్వాత పెన్ను అడిగి సంతకం పెట్టాడు. అతని కళ్లలో తడి చూసి, సిగ్గు వచ్చిందిలే అనుకుంది చాముండేశ్వరి. ఆమె మనసు కూడా కరిగింది.

"మీకు పుణ్యం ఉంటుంది," అంది.

అతను సంచి భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

సోమవారం ఇసుక వచ్చింది. థీమ్ సముద్రతీరం. పిల్లలు గవ్వలు దాచారు, గోపురాలు కట్టారు, బియ్యం సంగతే మర్చిపోయారు. హెలెన్ కూడా నవ్వుతూ చాముండేశ్వరి భుజం తట్టింది. ఏడు నెలల్లో తన మాట నెగ్గింది ఇదొక్కటే. ఆ వారమంతా ఆమె అన్నం ముద్ద కళ్లకద్దుకుని తిన్నది.

శుక్రవారం రుమాన్ అలవాటుగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా ఉంది, ట్యాగు లేదు. చేతిలో మడిచిన నల్లసంచి.

"ఇసుకని పారబొయ్యక్కర్లేదండీ. మూత పెడితే ఎన్నాళ్లైనా ఉంటుంది. మీకు ఆ చాకిరీ తప్పింది," అంది చాముండేశ్వరి సంతోషంగా.

"అవునక్కా," అన్నాడు. సంచిని ఇంకా చిన్నగా మడిచి జేబులో పెట్టుకుని, వరండాలోకి పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

చాముండేశ్వరి మూత తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్లింది. షిఫా ఇంకా అక్కడే ఉంది. తన లంచ్ బాక్సు తెరిచి, దాని నిండా రెండు చేతులతో ఇసుక ఎత్తుకుంటోంది.

"ఏంటమ్మా అది? ఆట అయిపోయింది, నాన్న వచ్చారు."

షిఫా కింద పడిన ఇసుక రేణువుల్ని వేలితో అద్ది బాక్సులో వేసుకుంది. మూత బిగించి తలెత్తి అడిగింది.

"ఆంటీ, అమ్మీ ఉడికిస్తే శాండ్ కూడా సాఫ్ట్ అయితాదా?"