నిప్పు ముట్టని తిండి

“జంతికలు వద్దు,” అంది కోటేశ్వరి, మొగుడి చేతిలో పొట్లం తీసి పక్కన పెట్టేస్తూ. “ఆ ఎండురొయ్యల వేపుడూ వద్దు.”

యర్రయ్య మొహం చిన్నబోయింది. కూతురు మల్లిక ఊరెళ్తోందని పొద్దున్న వింటే, దారిలో తింటుంది కదాని యాంగాన్‌లోని పజుండౌంగ్ బజారంతా తిరిగి తెచ్చినవి అవి. కోటేశ్వరి మాత్రం నేల మీద కూర్చుని నువ్వులూ బెల్లమూ కలిపి చిమ్మిలి దంచుతోంది. చుట్టూ అటుకులు, పేలపిండి, పచ్చి చలిమిడి, కొబ్బరి చిప్పలు, అరటిపళ్ళు. సంచీలో పోసుకెళ్ళడానికి రెండు శేర్ల పెసరపప్పు. నానబెట్టుకుని నిమ్మకాయ పిండుకుంటే చాలట. అక్కడ పొయ్యి వెలిగించకూడదట, నీళ్ళు కూడా పొదుపుగా వాడుకోవాలట.

“ఎక్కడేటి అంత చోద్యం?” అన్నాడు యర్రయ్య.

“తింజాన్ పండక్కి. పైన మాండలే వైపు అన్యాలో, ఇసకలో గుడారాలేసి జరుపుతున్నారట. అయిదు రోజులు.”

యర్రయ్య అక్కడే గోడకి చేరబడిపోయాడు.

బర్మాలో సైన్యం గద్దెనెక్కి రెండు నెలలు దాటింది. వీధుల్లో కాల్చేసిన పిల్లల లెక్క ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆ ఏడు తింజాన్, నీళ్ళు చల్లుకునే కొత్త సంవత్సరం పండగ, చేసుకోవద్దని యాంగాన్ అంతా నోరు విప్పకుండానే ఒట్టు పెట్టుకుంది. చేస్తున్నదల్లా అధికార్లూ, వాళ్ళ మెప్పు కావలసినవాళ్ళూ. మల్లిక ఆసుపత్రిలో నర్సు. ఫిబ్రవరిలో అందరికంటే ముందు కొలువు వదిలేసి రోడ్డెక్కిన పిల్ల. సంచౌంగ్ పేట దాకా ఊరేగింపులో నడిచినప్పుడు నీళ్ళ సీసాలు మోస్తూ యర్రయ్య కూడా ఆమె వెంట నడిచాడు. ఆ రోజంత గర్వం అతను ఎన్నడూ ఎరగడు.

అలాంటి పిల్ల ఇప్పుడు వాళ్ళ పండక్కి వెళ్తుందా? ఎందుకని అడిగాడు. బతిమాలాడు. చచ్చిపోయినవాళ్ళలో తనతో పనిచేసినవాళ్ళు ఇద్దరున్నారని గుర్తు చేశాడు. మల్లిక తల దించుకుని బట్టలు సర్దుకుంటూనే ఉంది.

“ఎల్తే అటే పో,” అన్నాడు చివరికి. “మళ్ళీ ఈ గడప తొక్కకు.”

ఆమె వంగి తండ్రి కాళ్ళకి దండం పెట్టి, సంచులతో రిక్షా ఎక్కింది. ఆ మధ్యాహ్నమే కోటేశ్వరి నాలుగంతస్తులూ దిగుతూ, మా మల్లిక పండక్కెళ్ళిందని ప్రతి గుమ్మం దగ్గరా చెప్పింది. కొందరు మొహం తిప్పుకున్నారు. ఒకామె ఉమ్మేసింది. యర్రయ్య దుకాణంలో తక్కెడలు బాగుచేసుకుంటూ నాలుగు రోజులు తలెత్తలేదు.

పండగ అయిపోయింది. మల్లిక రాలేదు. ఫోను కలవలేదు. కోటేశ్వరి ఏదో మొక్కు మొదలెట్టింది. పూటా గిన్నెడు పెసరపప్పు నానబెట్టడం, కొబ్బరి తురిమి కలపడం, వెనక వసారాలోకి తీసుకెళ్ళడం. కాకులకి పెడుతోందనుకున్నాడు యర్రయ్య. కూతురి క్షేమం కోసమే అయ్యుంటుంది, ఎంతైనా తల్లి కదా అనుకున్నాడు.

పదో రోజున వార్డు గుమాస్తా ఊ సెయిన్ వచ్చాడు, నలుగురు సిపాయిలతో. కొలువులు వదిలేసిన నర్సుల జాబితా చేతిలో ఉంది.

“నీ కూతురెక్కడ?”

“తింజాన్ పండక్కి ఎల్లింది.”

“అదై పదిరోజులైంది.”

“రాలేదు,” అన్నాడు యర్రయ్య. “రావద్దని నేనే అన్నాను.”

కళ్ళు ధారలు కట్టాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఊ సెయిన్ అతన్ని ఇరవై ఏళ్ళుగా ఎరుగును. ఎన్ని డబ్బులిస్తామన్నా తక్కెడ ముల్లుని పిసరంత పక్కకి వంచని మనిషని బజారంతా చెప్పుకునే మాటా ఎరుగును. ఈయన అబద్ధమాడితే మొహమే చెప్పేస్తుందని సిపాయిలకి చెప్పాడు. అయినా వాళ్ళు రెండు గదులూ వెతికారు, మంచం కిందా బియ్యం డబ్బాల వెనకా చూశారు. వెళ్తూ వెళ్తూ పక్క వాటా తాళాన్ని ఒకడు గుంజాడు. కరోనా రోజుల్లో మాండలే వెళ్ళిపోయినవాళ్ళదది. తాళం తుప్పు పట్టి ఉంది. మెట్లు దిగిపోయారు.

యర్రయ్య కూలబడ్డాడు. పండగన్నది వట్టిమాటని అప్పటికి అర్థమైంది. పొగ రానివ్వకుండా తినే తిండి ఎవరికి కావాలి? సైన్యం మీద పోరాడుతూ అడవుల్లో దాక్కునే వాళ్ళకి. తన కూతురు అడవికి, తుపాకుల మధ్యకి పోయింది. అది తెలీక తను అన్న ఆఖరి మాట అదా?

“దాన్ని నా నోటితోనే పొమ్మన్నానే,” అన్నాడు. “ఒక్క ముక్క నాకు చెప్పలేకపోయావా?”

కోటేశ్వరి సిపాయిల బండి చప్పుడు వీధి చివర మళ్ళేదాకా కిటికీ దగ్గర నిలబడి వింది. ఇంకాసేపు ఆగింది. అప్పుడు వచ్చి పక్కన కూర్చుంది.

“అబద్ధమాడ్డం నీకు చేతకాదు కదా,” అంది మెల్లిగా.

లేచి, నానిన పప్పు గిన్నెలోకి వార్చి, కొబ్బరి కలిపి, అతని చేతిలో పెట్టింది.

“ఇయ్యాల నువ్వు పెట్టు.”

వెనక వసారాలోకి నడిపించింది. తమ వసారాకీ పక్క వాటా వసారాకీ మధ్య చెక్కల అడ్డం ఉంది. యర్రయ్య గిన్నె పట్టుకుని పిట్టగోడ వైపు తిరిగి కాకుల కోసం ఆకాశంలోకి చూశాడు. కోటేశ్వరి అతని మోచెయ్యి పట్టి ఇటు తిప్పి, చెక్క మీద గోటితో రెండుసార్లు తట్టింది.

చెక్కల సందులోంచి మల్లిక చెయ్యి చాచింది.