మేడగది కుర్రాడు

సినిమావాళ్లు తెచ్చి పోసిన చెత్తని ఒత్సునే మూడోసారి ఊడ్చేసింది.

"అమ్మగారూ! అది చెత్త కాదండీ, సెట్టింగు!" అని మొత్తుకున్నాడు సహాయ దర్శకుడు.

"మా సందులో పడితే చెత్తే."

టోఫు కొట్టు ఒత్సునే కేకేస్తే యొకొహామా రేవులో ఓడలు వాటంతటవే లంగరు దించుతాయని చెప్పుకుంటారు. అన్ని ఓడలూ కాకపోవచ్చు. ఒక్కదాని సంగతి మాత్రం నిజం.

ఒలింపిక్స్‌కి ఇంకా రెండేళ్లుంది. కొండమీది బంగళాలో షావుకారు కొడుకుని కొండకింద సందులో కుర్రాడు ఎత్తుకుపోవడం, ఇదీ ఆ సినిమా కథ. దొంగ ఉండే గది కోసం ఒత్సునే పక్కింటి మేడగదిని అద్దెకు తీసుకున్నారు. కిటికీ తీస్తే బంగళా ఎదురుగా కనిపిస్తుంది.

ఆ గదిలో నిజంగా ఉండేవాడు షిగెరు. తండ్రి లేడు. ఓడల కంపెనీ పరీక్ష ప్యాసయ్యాడు. ఇక ఆరా ఒక్కటే మిగిలింది. కంపెనీ మనిషి వచ్చి ఇరుగుపొరుగుని అడిగి వెళితే గానీ ఉద్యోగం ఖాయం కాదు.

ఇంతకు ముందు వచ్చిన ఆరా మనుషులు సందు మొగలోనే ముక్కు మూసుకుని వెనక్కి తిరిగారు. సందులో ఒక్కడికీ కంపెనీ ఉద్యోగం రాలేదు.

అందుకే ఈ ఊడ్పు. తోలుసంచీ, మెరిసే బూట్లు కనబడితే చాలు, అందరూ నడుం వంచి నమస్కరించాలని తీర్మానం. నిన్న అలా ఒక బీమా ఏజెంటుకి మూడు కప్పుల టీ దక్కింది.

"మీకో డైలాగుందండీ" అన్నాడు సహాయ దర్శకుడు. "డిటెక్టివ్ మారువేషంలో వచ్చి, మేడగదిలో కుర్రాడు ఎలాంటివాడని అడుగుతాడు. వాడా, చిన్నప్పట్నుంచీ దొంగబుద్ధే అనాలి మీరు. అంతే."

"అనను."

"సినిమా అమ్మగారూ! కిందవాడికి పైవాడి మీద కసి ఉంటుంది. అదే కదా కథ!"

"కసి లేదని ఎవడన్నాడు? కొండగాలి వాళ్లకీ, కాలవ దోమలు మాకూనా? అయితే మాత్రం పిల్లల్ని ఎత్తుకుపోతామా? పైకి చూస్తూ కూచుంటే టోఫుకి కాచే నా సోయాపాలు మాడిపోవూ!"

"డిటెక్టివ్‌ని పంపిస్తా. మనిషి ఎదురుగా ఉంటే మాట అదే వస్తుంది" అంటూ అతను వెళ్లిపోయాడు.

కాసేపటికి ఒకాయన వచ్చాడు. అతుకుల టోపీ, మెడలో మాసిన తువ్వాలు, అరిగిన చెక్క చెప్పులు.

వేషం బాగానే కుదిరిందనుకుంది ఒత్సునే.

"ఒక టోఫు ఇవ్వమ్మా" అన్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మేడగదిలో కుర్రాడు ఎలాంటివాడు?"

"వచ్చావూ? నువ్వెవరో నాకు తెలుసులే."

అతను ఉలిక్కిపడ్డాడు. "తెలుసా?"

"మారువేషం వేస్తే మాత్రం తెలీదా ఏంటి? నేను చెప్పను పో."

"చేతివాటం ఉందని విన్నానే?"

"విన్న చెవులు కోయించుకో! కాలవ పొంగినప్పుడు మా మామగారిని వీపున మోసి గట్టెక్కించాడు వాడు. ముసలాయన వాడి జుట్టు పట్టుకుని దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు, అయినా దించలేదు."

"ఎంత మంచివాడికైనా ఒక చెడ్డ ఉంటుంది కదమ్మా. ఒక్కటి చెప్పు, రాసుకుని పోతాను."

"రాసుకో!"

టోఫు తొట్టిలోంచి బకెట్ నిండా చన్నీళ్లు ముంచి అతని నెత్తిన కుమ్మరించింది.

అతను టోపీ తీసి పిండుకున్నాడు. టోఫు డబ్బులు బల్లమీద పెట్టాడు. నడుం వంచి, తలమీంచి నీళ్లు కారుతుండగానే నమస్కరించి వెళ్లాడు.

"ఎంత నటుడైనా మర్యాద తెలిసినవాడే" అంది ఒత్సునే.

ఒత్సునే అననందని ఆ డైలాగు మర్నాడు మంగలికిచ్చారు. అతనూ అనలేదు. చేపలావిడ అసలు వినిపించుకోలేదు. చివరికి డిటెక్టివ్ ఎవర్నీ అడక్కుండానే మేడెక్కేలా కథ మార్చుకుని, సినిమావాళ్లు సామాను సర్దుకుని పోయారు.

సందు అద్దంలా ఉంది. మెరిసే బూట్లు మాత్రం రాలేదు.

"ఈసారి మొగదాకా కూడా రాలేదు" అన్నారు అందరూ. షిగెరు కిటికీ మూసేసి రేవులో మూటలు మోసే పనికి పేరు ఇచ్చొచ్చాడు.

పదో రోజున ఉత్తరం వచ్చింది. సోమవారం ఉద్యోగంలో చేరమని.

సందు సందంతా దాన్ని చేతులు మార్చుకుంటూ చదివింది. చదువు రాని ముసలాయన రెండుసార్లు చదివాడు.

సోమవారం షిగెరు కంపెనీ గుమాస్తాని ఉండబట్టలేక అడిగాడు.

"మా సందుకి ఆరాకి ఎవరూ రాలేదు కదండీ?"

"రాకపోవడమేమిటయ్యా! సెగావా గారు స్వయంగా, ఎప్పట్లాగే వేషం మార్చుకుని వచ్చారు. ముప్పైయేళ్లలో ఆయన చేసిన ఆఖరి ఆరా నీదే. ఆ మర్నాడే పదవీ విరమణ చేసి సొంతూరు వెళ్లిపోయారు."

గుమాస్తా ఫైలు తీశాడు. అందులో నీళ్లకు ఉబ్బి ముడతలు పడ్డ కాగితం ఒకటుంది.

షిగెరు రెండు చేతులతో అందుకుని చదివాడు.

"మేడగది కుర్రాడి మీద ఒక్క చెడ్డమాట చెప్పమన్నందుకు పక్కింటావిడ నన్ను నిలువునా తడిపేసింది. ఆ రెండిళ్లకీ మూడేళ్లుగా మాటల్లేవని తర్వాత, నా తల తుడుస్తూ, మంగలి చెప్పాడు."