ముళ్ళు లేని మొక్క

ఆదివారం పొద్దున్నే వెంకటదుర్గ పెరట్లోకి వచ్చేసరికి గోడవార మొక్క దగ్గర ఎవరో ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఎవరండీ మీరు? గేటు తీసుకుని తిన్నగా లోపలికి వచ్చెయ్యడమేనా?"

ఆయన కంగారుగా లేచి, చేతుల మట్టి పంచెకి తుడుచుకున్నాడు.

"పిలిచానమ్మా. మిక్సీ చప్పుడులో వినపడలేదు కాబోలు."

"ఏం కావాలి?"

"ఈ బ్లాక్‌బెర్రీని చూసుకుందామనండి. మా ఇంటావిడ నాటింది."

దుర్గ ఆయన్ని ఎగాదిగా చూసింది. మాసిన చొక్కా, గేటు బయట పాత సైకిలు. ఇదివరకు అద్దెకున్నవాళ్ళయి ఉంటారనుకుంది. ఖాళీ చేసిన ఇంట్లో ఇంకా ఏం పని?

భర్త సుధాకర్‌కి ట్రాన్స్‌ఫరై వాళ్ళు నరసాపురం వచ్చి నాలుగు నెలలే అయింది. ఇల్లు చూపించింది బ్రోకర్ రమేష్ బాబు. అద్దె పుచ్చుకునేదీ అతనే. ఓనరు ఎలా ఉంటాడో కూడా వీళ్ళకి తెలీదు.

"ఇప్పుడీ ఇంట్లో మేముంటున్నామండి," అంది కాస్త గట్టిగా.

"అవునమ్మా, ఇల్లు మీది, మొక్కా మీదే. నాకో తీగ చివర ఇప్పిస్తే చాలు."

"కోసుకుని వెళ్ళండి మరి."

"కోస్తే బతకదమ్మా. కొన్నాళ్ళు ఆగాలి. ఆదివారం ఆదివారం వచ్చి చూసుకుని పోతాను."

తీగ ముక్క కోసం వారం వారం తిరిగే మనిషి ఉంటాడా? దుర్గకి అనుమానం అక్కడే మొదలైంది.

వెళ్ళేటప్పుడు ఆయన గేటు గడిని కాస్త పైకెత్తి, పక్కకి తోసి, కిందకి నొక్కాడు. అలా చేస్తేగాని అది పడదు. ఆ కిటుకు పట్టుబడడానికి దుర్గకి నెల పట్టింది. దొంగలకి ఇట్టే తెలిసిపోతుంది కాబోలు.

అన్నట్టుగానే ఆయన ప్రతి ఆదివారం వచ్చాడు. పిలిచేవాడు, గోడవారకి వెళ్ళేవాడు, కాసేపు కూర్చునేవాడు, వెళ్ళిపోయేవాడు.

ఓసారి దుర్గ ఉండబట్టలేక అడిగింది.

"దీనికి ముళ్ళుండవేంటండీ?"

"ముళ్ళు లేని రకమమ్మా. మా ఆవిడ లేసు అల్లేది. వేలికి ముల్లు గీరిందంటే దారం అక్కడ పట్టేసుకుంటుంది. గులాబీ పెంచుకుందామన్నా భయమే. అందుకని కడియం నర్సరీలన్నీ తిరిగి ఇది పట్టుకొచ్చాను."

"కాస్తుందా?"

"మన ఎండలకి ఏం కాస్తుందమ్మా! నాలుగు కాస్తే రెండు పిట్టలకి."

కాయని మొక్క కోసం ఇన్ని తిరుగుళ్ళా? ఎంత బాగా కథలల్లుతున్నాడో అనుకుంది దుర్గ.

చేపలమ్మే చిట్టెమ్మ ఆ వీధికి కొత్త. ఓ ఆదివారం ఆయన్ని చూసి గంప దింపకుండానే అడిగింది.

"ఎవరమ్మా ఆ మడిసి? పోయినారం ఇట్నించి ఎల్లి తిన్నగా సమాధుల తోటలోకి పోయాడు. నా కళ్ళారా చూశాను."

దుర్గ చేపలు కూడా తీసుకోకుండా లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆ గురువారమే పాప సత్యశ్రీకి జ్వరం తగిలింది.

"నే చెప్పలేదూ?" అంది చిట్టెమ్మ. "పద, ఆ కంప ఎనకాల చూద్దాం. అయినా ముళ్ళు లేని కంపేంటమ్మా? మేకైనా ఆగుద్దా దానికి?"

ఇద్దరూ తీగల్ని పక్కకి తప్పించి చూశారు.

ఒక తీగని కిందకి వంచి, చివర మట్టిలో పాతిపెట్టి ఉంది. పైన నల్లరాయి. పక్కన చిన్న పుల్ల. తీగనీ పుల్లనీ కలిపి తెల్ల దారంతో రెండేసి మెలికల ముళ్ళు వేసి ఉన్నాయి.

"బాబోయ్!" చిట్టెమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "చేతబడేనమ్మా!"

దుర్గ గునపం తెచ్చి రాయిని తన్నేసింది, తీగని పెకలించింది. బొమ్మా లేదు, నిమ్మకాయా లేదు. అప్పుడే పుట్టిన తెల్లటి వేళ్ళు మాత్రం ఉన్నాయి. దారంతో సహా గోడవతల మురిక్కాలవలోకి విసిరేసింది.

మర్నాటికి పాప జ్వరం తగ్గింది.

"నేను రెండు పూటలా మందు పట్టించానే," అన్నాడు సుధాకర్.

దుర్గ ఆ మాట చెవిన వేసుకోలేదు.

ఆదివారం ఆయన వచ్చి ఖాళీ గుంట చూసి నిలబడిపోయాడు.

"అమ్మా, ఇక్కడ..."

"నేనే పీకేశానండి! పాప ఉన్న ఇల్లిది. నిన్నగాక మొన్న ఒళ్ళు కాలిపోయింది దానికి. ఇంకోసారి గేటు ముట్టుకుంటే పోలీసులకి ఫోన్ చేస్తాను."

ఆయన వంగి గుంటలోకి మట్టి తోశాడు.

"పాపకి తగ్గిందామ్మా?"

"తగ్గింది."

"దేవుడికి స్తోత్రం," అని వెనుదిరిగాడు. గడి పైకెత్తి, పక్కకి తోసి, కిందకి నొక్కి వెళ్ళాడు.

దుర్గ వెంటనే బ్రోకర్‌కి ఫోన్ చేసింది.

"రమేష్ బాబు గారూ, ఎవడో ముసలాడు ఇంట్లో జొరబడుతున్నాడు. గేటుకి తాళం పెట్టించమని మీ ఓనరుకి చెప్పండి."

సాయంత్రానికల్లా అతను కొత్త తాళంకప్ప పట్టుకుని బండి దిగాడు.

"ఓనరుగారే కొని ఇచ్చారమ్మా. ఓ తాళంచెవి మీ దగ్గరుంచుకోండి సార్ అంటే వద్దన్నారు. పసిపిల్ల ఉన్న ఇల్లు, వాళ్ళు భయపడకూడదు, రెండూ వాళ్ళకే ఇచ్చెయ్ అన్నారు."

దుర్గకి ప్రాణం కుదుటపడింది.

"ఎంత మంచాయనండీ! ఒక్కసారీ ఇటు రారేంటి? టీకి రమ్మన్నామని చెప్పండి."

"భార్య పోయాక ఈ ఇంట్లో ఉండలేక చెల్లెలి గారింటికి వెళ్ళిపోయారండి. ఇవాళ మరీ దిగులుగా ఉన్నారు. వాళ్ళ చర్చి సమాధుల పండక్కి ఆవిడ సమాధి దగ్గర నాటాలని ఏదో తీగని మట్టిలో అంటు తొక్కి పెంచుకుంటున్నారట, అది పోయిందట," అంటూ అతను జేబులోంచి తాళంచెవులు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

రెండూ కలిపి కట్టి ఉన్నాయి, మురిక్కాలవలో పారేసిన ఆ తెల్ల లేసు దారం లాంటిదానితోనే, ఆ ముడితోనే.